సస్క్వెహానా తీరమున సర్వసమపాలనము

ఆంగ్ల కాల్పనిక కవిత్వమును మన విశ్వవిద్యాలయములలో ఆంగ్లశాఖవారు బోధింతురు. అమెరికా సంయుక్తరాష్ట్రముల చరిత్రను చరిత్రశాఖవారు బోధింతురు. భార్యాభర్తలకు, మిత్రులకు, బంధువులకు నడుమ నుండు సంబంధములను సమాజశాస్త్రమువారు బోధింతురు; లేదా ఎవరును బోధింపరు. ఒక శాఖ విద్యార్థి రెండవ శాఖ గడప త్రొక్కుట అరుదు. తెలుగు విద్యార్థికి వీనితో పనియేమని అడుగువారును కలరు. భావకవిత్వమును గూర్చి పరీక్షకు చదువు విద్యార్థి వర్డ్స్‌వర్త్, కోల్‌రిడ్జ్, షెల్లీ, కీట్స్ పేర్లను తప్పక వల్లించును. ఆ కవులు ఏ దేశమున ఏ యిబ్బందుల నడుమ బ్రదికిరో, ఎవరి సంపాదనపై, ఎవరి చాకిరిపై బ్రదికిరో అతడెఱుగడు. 1964లో హైదరాబాదున అమెరికా అధ్యయన పరిశోధన కేంద్రము వెలసిన పిదప ఆ దేశచరిత్ర గ్రంథములు మనవారికి అందుబాటులోనికి వచ్చినను, కవిత్వమును చరిత్రను ప్రక్కప్రక్కన నుంచి చదువు నలవాటు మాత్రము ప్రబలలేదు.

పై మూడు విషయములును విడదీయరాకుండ పెనవైచికొన్న ఉదంతమొకటి 1794-95 సంవత్సరములలో జరిగినది. సాహిత్యచరిత్రలలో దానికి దొరకు చోటు మిక్కిలి స్వల్పము. ఇద్దరు యువకవులు అమెరికాకు పోయి సమానత్వ పల్లె నొకదానిని నిర్మింపదలచిరనియు, అది కుఱ్ఱతనపు కలగా ముగిసెననియు వ్రాసి, రచయితలు ముందునకు సాగిపోవుదురు. ఆ కల ముగియలేదనియు, దాని భారము కవులపైగాక మఱియొకరిపై పడి యేండ్లతరబడి నిలిచెననియు మా యభిప్రాయము.

1794 జూన్‌లో కేంబ్రిడ్జి విద్యార్థియగు శామ్యూల్ టేలర్ కోల్‌రిడ్జ్ కాలినడకను వేల్స్ ప్రాంతమునకు పోవుచు త్రోవలో ఆక్స్‌ఫర్డున ఆగెను. అచట బేలియల్ కళాశాలలో చదువుచున్న రాబర్ట్ సదీతో పరిచయమయ్యెను. కోల్‌రిడ్జ్‌కు ఇరువదియొక యేండ్లు. సదీకి ఇంకను ఇరువది నిండలేదు. సదీ, పాఠశాలలోని బెత్తపు దండనను నిరసించుచు వ్యాసము వ్రాసి 1792లో వెస్ట్‌మిన్‌స్టర్ పాఠశాలనుండి వెళ్లగొట్టబడినవాడు. కోల్‌రిడ్జ్ అప్పుల బాధకు తాళలేక 1793 డిసెంబరులో మాఱుపేరుతో అశ్వికదళమున చేరి, అన్నల ప్రయత్నముచే మరుసటి యేప్రిలులో విడుదలైనవాడు. ఫ్రాన్సు దేశపు విప్లవము అప్పటికి గిలెటిన్ పాలబడియుండెను. ఇంగ్లండున పిట్ ప్రభుత్వము సంస్కరణవాదులను రాజద్రోహ నేరముపై చెఱపట్టుచుండెను. ఇరుప్రక్కల త్రోవలు మూసికొనిపోయిన యువకుల చూపు సముద్రమునకు ఆవలి తీరముపై పడుటలో వింతయేమియు లేదు.

వారి సంకల్పము వివరములు మనకు దక్కుట ముఖ్యముగా నెదర్ స్టోవీ గ్రామవాసి, తోళ్ల పరిశ్రమ నడపిన థామస్ పూల్ 1794 సెప్టెంబరులో వ్రాసిన లేఖవలన. పండ్రెండుగురు విద్యావంతులగు పురుషులు, పండ్రెండుగురు స్త్రీలు మరుసటి యేప్రిలులో ఓడనెక్కవలెను. ఒక్కొక్కరు 125 పౌనులు తేవలెను. భూమి ఉమ్మడి, పంట ఉమ్మడి. ప్రతి పురుషుడును దినమునకు రెండు మూడు గంటలు పాటుపడినచో పల్లెయంతయు పోషింపబడును. మిగిలిన కాలము చదువునకు, చర్చకు, పిల్లల శిక్షణమునకు. మంచి గ్రంథాలయ ముండును. మతమునందును రాజకీయములందును ఎవరి తలపు వారిది. ఇరువురిలో ఒకరు కోరినచో వివాహబంధము తెగునా, ఇరువురును కోరవలెనా యను ప్రశ్న తేలక నిలిచిపోయెను. పెండ్లికాని యువకులు పుట్టబోవు బిడ్డల చదువును గూర్చి తర్కించుకొనుచుండిరి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమని మన సామెత.

ఈ వ్యవస్థకు కోల్‌రిడ్జ్ గ్రీకు పదములతో రెండు పేర్లు కల్పించెను. మొదటిది 'పాంటిసోక్రసీ', అనగా అందఱును సమానముగా పాలించుట. దీనిని మేము సర్వసమపాలన మనుచున్నాము. రెండవది 'యాస్ఫెటరిజమ్', 'నాది' యనునది లేకుండుట. మన వేదాంతమునందలి నిర్మమత్వ శబ్దము దీనికి చక్కగా సరిపోవును. కాని మన నిర్మమత్వము మనస్సునకు చెందినది. వీరిది పొలమునకు, ధాన్యపు గాదెకు చెందినది. ఈ భేదమును గుర్తించినపుడే వీరి సాహసమెంతటిదో తెలియును.

ఇక అమెరికాలో సస్క్వెహానా తీరమే యెందుకు? ఆ పేరు చెవికి ఇంపుగా నుండుటచే దానిని ఎన్నుకొనిరని యొక హాస్యము ప్రచారమందున్నది. కారణము లంతకంటె గట్టివి. ప్రాణవాయువుపై పరిశోధన చేసిన శాస్త్రవేత్తయు, మతాచార్యుడునగు జోసెఫ్ ప్రీస్ట్లీ యింటిని 1791 జూలైలో బర్మింగ్‌హామ్ అల్లరిమూకలు తగులబెట్టినవి. అతడు 1794లో అమెరికాకు వలసపోయి, పెన్సిల్వేనియాలో సస్క్వెహానా రెండు పాయలు కలియుచోట నున్న నార్తంబర్లండున స్థిరపడెను. అతని కుమారులును, వారి మిత్రుడు థామస్ కూపరును ఆ ప్రాంతమున ఆంగ్లేయులకొక వలసస్థానమును ఏర్పఱుపదలచిరి. అమెరికాను గూర్చి కూపరు 1794లో లండనున ప్రకటించిన గ్రంథము పంట నేలల ధరలను, జీవనవ్యయమును వివరించునది. మన యువకవులు దానిని పఠించిరి. లండనులోని యొక పానశాలలో భూములమ్ము ప్రతినిధి యొకడు కోల్‌రిడ్జ్‌కు తారసపడి, పండ్రెండుగురు మనుష్యులు నాలుగైదు మాసములలో 300 ఎకరముల అడవి నఱకగలరనియు, రెండువేల పౌనులతో పని నెఱవేఱుననియు లెక్కచెప్పెను. అచ్చట దేశవాసులగు ఇండియనుల భయము లేదనియు అతడు చెప్పెను.

ఆ భయము లేకపోవుటకు కారణమేమో ఆ ప్రతినిధి చెప్పలేదు. కోల్‌రిడ్జ్ అడిగినట్లును లేదు. ఇచ్చటనే కావ్యవిద్యార్థికి అమెరికా చరిత్ర యక్కఱకు వచ్చును. ఆ నదికి తమ పేరిచ్చిన సస్క్వెహానాక్ జాతివారి శేషముగా కొనెస్టోగాలో మిగిలిన యిరువదిమందిని 1763 డిసెంబరులో 'పాక్స్‌టన్ బాయిస్' అను సరిహద్దు వలసదారులు రెండు విడతలుగా చంపివైచిరి. ఆ రెండవమారు చంపబడిన పదునలుగురు లాంకాస్టరు పట్టణమున అధికారుల రక్షణలో నుండినవారు. 1779లో సలివాన్ సేనాని సైన్యము ఆ నది వెంట ఎగువకు నడచి ఇరాక్వాయి జాతుల పల్లెలను నలువదికి పైగా తగులబెట్టెను. పంటలను, పండ్లతోటలను నఱికివైచెను. 1768లోను, 1784లోను ఫోర్ట్ స్టాన్విక్స్ ఒడంబడికలచే భూములు చేతులు మాఱినవి. అప్పుడు కదా ఎకరమింతయని ధరకట్టి లండను పానశాలలో అమ్ముటకు వీలు చిక్కినది! నిర్మమత్వమును సాధింపబోవు నేలయొక్క పూర్వపు 'మమ'కారము ఎవరిదను ప్రశ్న ఆ ఉత్సాహవంతుల లెక్కలలో చేరలేదు.

ఆ రాష్ట్రము నాడు ప్రశాంతముగా నుండెనా యన్నచో అదియును లేదు. కోల్‌రిడ్జ్ ఉత్సాహముతో లేఖలు వ్రాయుచున్న 1794 శరత్కాలముననే, విస్కీపై పన్నును ధిక్కరించిన పశ్చిమ పెన్సిల్వేనియా రైతులపైకి వాషింగ్టను అధ్యక్షుడు సుమారు 13,000 మంది సైనికులను నడపెను. బానిసత్వమును క్రమక్రమముగా తొలగించు శాసనము 1780లోనే యచ్చట వచ్చినను, 1790 జనాభా లెక్కలలో ఆ రాష్ట్రమున 3,737 మంది బానిసలుండిరి. సమానత్వము అచ్చట సిద్ధముగా కాచుకొని యుండలేదు.

పండ్రెండుగురు స్త్రీలు కావలెనను నియమము మఱియొక కథకు దారితీసెను. బ్రిస్టలు నగరమున స్టీఫెన్ ఫ్రికర్ అను వ్యాపారి దివాలా తీసి మరణించెను. అతని కుమార్తెలు సేరా, మేరీ, ఈడిత్, మార్తా, ఎలీజా. ఆ యింటి ఆడపిల్లలు కుట్టుపని చేసి పొట్టపోసికొనుచుండిరి. సంకల్పబద్ధులలో నొకడగు రాబర్ట్ లవెల్ మేరీని అప్పటికే పెండ్లాడియుండెను. సదీకి ఈడిత్‌తో నిశ్చయమయ్యెను. జార్జి బర్నెట్ మార్తాను అడుగగా ఆమె తిరస్కరించెను. ఆ బృందమున స్పష్టముగా 'కాదు' అన్నది ఆమె యొక్కతెయే. కోల్‌రిడ్జ్ మనస్సు మేరీ ఎవాన్స్ అను మఱియొక కన్యపై నుండినను, బ్రిస్టలునకు వచ్చిన కొలది దినములకే సేరాకు మాట యిచ్చెను. అది అనురాగమా, ప్రణాళికలో ఖాళీగానున్న స్థానమును పూరించుటయా యని పండితులు చర్చింతురు. రెండవదియే ప్రబలమని మాకు తోచును. మేరీ ఎవాన్స్ ఆ శరత్తున లేఖ వ్రాసి అమెరికా ప్రయాణమును మానుమని వేడుకొనినపుడు అతడు పొందిన కలవరము అతని జాబులందు కనబడుచునే యున్నది.

ఆ జాబులలో విద్యార్థి నిలిచి చూడదగిన ఘట్టములు రెండు. సదీ పెద్దతల్లి యింటి సేవకుడు షాడ్రాక్ వీక్స్ తమతో వచ్చునని తెలిసి కోల్‌రిడ్జ్ అతడు తన సోదరుడని పొంగిపోయెను. కొంతకాలమునకు సదీ, సేవకులు అచ్చటను సేవకుల పనియే చేయుదురని సూచించెను. సర్వసమపాలనమున సేవకుడెక్కడివాడని కోల్‌రిడ్జ్ మండిపడెను. ఇందు న్యాయము కోల్‌రిడ్జ్ పక్షమున నున్నది. రెండవది స్త్రీల పని. గర్భిణులును, బాలెంతలును తమకు తగినంత పనియే చేయవలెననియు, ఇల్లూడ్చుట, బట్టలుదుకుట మున్నగునవి పురుషులు దినమునకొక గంట యధికముగా శ్రమించి నిర్వహింపవచ్చుననియు అతడు వ్రాసెను. 1794లో ఒక యువకుడీ మాట వ్రాయుట సామాన్యము కాదు. అయినను అదే లేఖాపరంపరలో ఆ స్త్రీల మనస్సులు తమ సిద్ధాంతములకు తగినంతగా పక్వమయ్యెనా యని శంకించినవాడును అతడే. వారి నెవ్వరైన అడిగిరా? అడిగిన జాడ ఆ జాబులలో మాకు కనబడలేదు.

పతనమును గూర్చి విస్తరించి చెప్ప నక్కఱలేదు. 1794 అక్టోబరులో సంగతి తెలిసికొన్న పెద్దతల్లి ఎలిజబెత్ టైలర్ వానరాత్రి సదీని యింటినుండి గెంటివైచెను. డబ్బు ప్రోగుపడలేదు. సముద్రము దాటనున్న కోల్‌రిడ్జ్, బ్రిస్టలులో బస అద్దె చెల్లించుటకు అయిదు పౌనులిమ్మని పుస్తక విక్రేత జోసెఫ్ కాటిల్‌ను యాచించెను. ముందుగా వేల్స్‌లో ఒక పొలమును సాగు చేయుదమని సదీ తగ్గి మాటాడెను. ఒక మిత్రుడు అతనికి సాలుకు 160 పౌనులు వాగ్దానము చేయగా నిర్మమత్వము సడలిపోయెను. 1795 అక్టోబరు 4న సెయింట్ మేరీ రెడ్‌క్లిఫ్ దేవాలయమున కోల్‌రిడ్జ్ సేరాను పెండ్లాడెను. నవంబరు 13న సదీకి సుదీర్ఘమగు నిష్ఠుర లేఖ వ్రాసి సంబంధము త్రెంచుకొనెను. మరునాడు సదీ అదే దేవాలయమున ఈడిత్‌ను రహస్యముగా వివాహమాడి, పోర్చుగలుకు పయనమయ్యెను. అమెరికాకు ఎవరును పోలేదు. పెండ్లిండ్లు మాత్రము జరిగినవి.

కవిత్వమున ఆ సంకల్పము నిలిచియున్నది. కోల్‌రిడ్జ్ సర్వసమపాలనముపై సానెట్టు చెప్పెను. గాడిదపిల్లను సంబోధించిన కవితలో దానిని కూడ తన సమానత్వపు లోయకు కొనిపోగోరెను. బ్రిస్టలున పుట్టి 1770లో అకాలమరణము చెందిన చాటర్టన్‌పై వ్రాసిన స్మృతికావ్యమును సవరించి, ఆ కవియు బ్రదికియుండినచో తమతో సస్క్వెహానా తీరమునకు వచ్చియుండునని భావన చేసెను. సదీ అమెరికాపై మమకారము 1805లో 'మాడక్' అను దీర్ఘకావ్యమై వెలువడెను; అందు వేల్స్ రాజకుమారుడొకడు ఆ ఖండమునకు ఓడ నడపును. ఇన్ని పంక్తులలో గాడిదకును చాటర్టన్‌కును చోటు దొరకెను గాని, బట్టలుదుకుటను గూర్చిన ఆ మంచి వాక్యమునకు దొరకలేదు. కావ్యమును మాత్రమే చదువు విద్యార్థికి ఈ లోటు కనబడదు. బైరను తన 'డాన్ జువాన్' మూడవ సర్గలో ఈ కవులను ఎగతాళి చేయుచు వారి భార్యలను టోపీలు కుట్టువారని యీసడించెను. ప్రభువులకు కుట్టుపని హాస్యాస్పదముగా తోచుట సహజమే.

1800లో కోల్‌రిడ్జ్ కుటుంబము కెస్విక్ గ్రామమునందలి గ్రేటా హాల్ అను నింట ప్రవేశించెను. 1803లో సదీదంపతులు అచ్చటికే వచ్చిరి. లవెల్ 1796లోనే మరణించుటచే మేరీ కూడ అక్కచెల్లెండ్రను చేరెను. కోల్‌రిడ్జ్ క్రమముగా ఇల్లు విడిచి తిరిగి, భార్యకు దూరమయ్యెను. ముగ్గురు అక్కచెల్లెండ్రు, వారి బిడ్డలు, వేలకొలది గ్రంథములుగల గ్రంథాలయము, పిల్లలకు ఇంటియొద్దనే చదువు: సస్క్వెహానా ప్రణాళికలోని సామగ్రి యంతయు ఆ యింట నుండెను. కాని ఆ యిల్లు నడచినది ఉమ్మడి పొలముపై గాదు. సదీ యొక్కని కలముపైనను, ఆ స్త్రీల చేతిపనిపైనను. ఆ సదీ 1813లో ఆస్థానకవియై పూర్వపు సమానత్వవాదమునకు బద్ధవిరోధి యయ్యెను. 1817లో శత్రువులు అతని యౌవననాటకము 'వాట్ టైలర్'ను దొంగతనముగా అచ్చువేసి అతనిని నవ్వులపాలు చేసిరి. అయినను ఇతరుల భార్యాబిడ్డలను ఏండ్ల తరబడి పోషించినది ఆ మాటమార్చిన మనుష్యుడే గాని, సిద్ధాంతమును రచించిన మహాకవి గాదు. విమర్శకులు సదీపై చూపు కాఠిన్యమును ఈ యొక్క కారణముచే నైనను కొంత తగ్గింపవలసియున్నది.

కూపరు గతియు విచిత్రమే. అమెరికాలో అధ్యక్షుడు ఆడమ్స్‌ను విమర్శించి 1800లో ఆఱుమాసములు చెఱసాలలో గడపిన ఆ స్వేచ్ఛావాది, తరువాతి కాలమున దక్షిణ కరోలినా కళాశాలకు అధ్యక్షుడై బానిసత్వమును సమర్థించెను. ఆ యువకవులకు అమెరికాను చూపిన కన్ను అతనిది.

సేరా కోల్‌రిడ్జ్ 1829 వఱకు గ్రేటా హాల్‌లోనే యుండెను. ఆమె 1799 మొదలు 1834 వఱకు థామస్ పూల్‌కు వ్రాసిన లేఖలు 1934లో గ్రంథరూపమున అచ్చయినవి. అందు బిడ్డల చదువు, వైద్యము, ఖర్చు, భర్తనుండి రాని జాబులు మున్నగు విషయములు కలవు. కూపరు గ్రంథమును, 1794 నాటి కోల్‌రిడ్జ్ జాబులను, ఈ లేఖలను వరుసగా ఒకే పాఠముగా ఏర్పఱచి, చరిత్ర, ఆంగ్ల, తెలుగు శాఖల విద్యార్థులను ఒక్క బల్లచుట్టు కూర్చుండబెట్టి చదివింపవలెనని మా ప్రతిపాదన. సానెట్టు చివర చదివినను చాలును.