శివ (1989 చలనచిత్రం): పునర్వీక్షణ చరిత్ర

శివ, రామ్‌గోపాల్ వర్మ తొలిసారి దర్శకత్వం వహించగా 1989 అక్టోబరు 5న విడుదలైన తెలుగు చలనచిత్రం. అక్కినేని వెంకట్, యార్లగడ్డ సురేంద్ర నిర్మించిన ఈ చిత్రంలో నాగార్జున, అమల, రఘువరన్ ప్రధాన పాత్రధారులు. ఇళయరాజా సంగీతం, ఎస్. గోపాల్‌రెడ్డి ఛాయాగ్రహణం, తనికెళ్ల భరణి సంభాషణలు సమకూర్చారు. కళాశాలలో విద్యార్థి నాయకుడి దౌర్జన్యాన్ని ఎదిరించిన ఒక యువకుడు, ఆ దౌర్జన్యం వెనుక నగరాన్ని గుప్పిట్లో పెట్టుకున్న భవాని అనే రౌడీ నాయకుడు ఉన్నాడని తెలుసుకుని అతనితో తలపడటం ఇందులోని కథ. తెలుగులో ముఠా నేరచిత్రానికి, అంటే వ్యక్తిగత పగ కన్నా నేరస్థుల వ్యవస్థను ప్రధాన వస్తువుగా తీసుకున్న చిత్రానికి, ఇది నేటికీ ప్రమాణంగా నిలిచింది. ఒకసారి చూసిన చిత్రాన్ని కథ తెలిసి ఉండగానే నిర్మాణ నైపుణ్యం కోసం మళ్లీ చూడటాన్ని పునర్వీక్షణ అంటారు. శివ పుట్టుకకూ పునర్వీక్షణకూ విడదీయరాని సంబంధం ఉంది.

1980ల వరకు సామాన్య ప్రేక్షకుడికి సినిమా థియేటర్‌లో కళ్లముందు సాగిపోయేదే తప్ప ఆపి చూడగలిగినది కాదు. వీసీఆర్, అద్దె క్యాసెట్లు వచ్చాక ఒక దృశ్యాన్ని నిలిపి, వెనక్కి తిప్పి, షాటు ఎక్కడ తెగిందో, శబ్దం ఎక్కడ మొదలైందో గమనించే వీలు కలిగింది. విజయవాడలోని సిద్ధార్థ ఇంజనీరింగ్ కళాశాలలో చదివిన వర్మ ఆ తర్వాత హైదరాబాదులోని అమీర్‌పేటలో వీడియో క్యాసెట్ల దుకాణం నడిపాడు. తండ్రి కృష్ణంరాజు అన్నపూర్ణ స్టూడియోలో శబ్దగ్రాహకుడిగా పనిచేయడం, కలెక్టర్ గారి అబ్బాయి (1987), రావు గారి ఇల్లు (1988) చిత్రాలకు తాను సహాయకుడిగా పనిచేయడం అతనికి చిత్రరంగంలోకి దారి చూపాయి కాని, అతని అసలు బడి ఆ క్యాసెట్ల అరలేనని చెప్పాలి. బ్రూస్ లీ నటించి దర్శకత్వం వహించిన 1972 నాటి చిత్రంలో, రోమ్ నగరంలోని ఒక భోజనశాల మీద రౌడీలు పడటం, బయటినుంచి వచ్చిన యువకుడు వారిని ఎదిరించడం కథ కాగా, భోజనశాల స్థానంలో కళాశాలను పెట్టి శివ కథకు చట్రం అల్లుకున్నానని వర్మ స్వయంగా చెప్పుకున్నాడు. అరువు తెచ్చుకున్నది ఆ చట్రమే. అందులో నింపిన మనుషులు, మాటతీరు, భయం ఈ నేలవి.

ఆ భయానికి ఆనాటి కోస్తాలో ఆధారం ఉంది. విజయవాడలో 1970ల నుంచి కార్మిక సంఘాలు, విద్యార్థి సంఘాలు, రాజకీయ పక్షాలు ఒకదానితో ఒకటి పెనవేసుకుని వర్గాలుగా చీలాయి. ఆ వైరాల్లో హత్యలు జరిగాయి. నిరాహారదీక్షలో ఉన్న శాసనసభ్యుడు వంగవీటి మోహనరంగా 1988 డిసెంబరు 26న హత్యకు గురికాగా, దరిమిలా చెలరేగిన అల్లర్లు కోస్తా జిల్లాలను కుదిపివేశాయి. శివ విడుదలైనది అది జరిగిన పది నెలల లోపే. చిత్రం ఏ వాస్తవ వ్యక్తి కథనూ చెప్పదు, అయినా కళాశాల ఎన్నికకూ వీధి రౌడీకీ మధ్య ఉన్న దూరం ఎంత తక్కువో ఆనాటి ప్రేక్షకుడికి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేకపోయింది.

అంతకుముందు తెలుగు చిత్రాల్లో ప్రతినాయకుడు తరచుగా విచిత్రమైన వేషం, పెద్ద గొంతు, రహస్య స్థావరం ఉన్న దొంగరవాణాదారుగానో, పల్లెను పీడించే కామందుగానో కనిపించేవాడు. రఘువరన్ పోషించిన భవాని మామూలు దుస్తుల్లో, మామూలు గదిలో, గొంతు పెంచకుండా మాట్లాడతాడు. అతని బలం కండల్లో లేదు, అమరికలో ఉంది: పైన మాచిరాజు అనే రాజకీయ నాయకుడు (కోట శ్రీనివాసరావు), మధ్యలో నానాజీ (తనికెళ్ల భరణి) వంటి అనుచరులు, కింద కళాశాలలో జె.డి. (చక్రవర్తి) వంటి కుర్రాళ్లు. తొలిసారి చూసేవారు శివ ఎవరిని కొడతాడోనని ఎదురుచూస్తారు. రెండోసారి చూసేవారికి ఈ నిచ్చెన కనబడుతుంది: కింది మెట్టుకు తగిలిన దెబ్బ పైమెట్టుకు ఎంత ఆలస్యంగా చేరుతుందో, పైవాడు కిందివాణ్ణి ఎప్పుడు వదిలించుకుంటాడో, రాజకీయ నాయకుడికి రౌడీ అవసరం తీరిన క్షణం ఏదో తెలుస్తాయి. శివ కూడా భవానిని ఒక్కసారిగా పడగొట్టడు. అతని మనుషులను, పలుకుబడిని ఒక్కొక్కటిగా లాగేసుకుంటూ పోతాడు. ఆ క్రమంలో మిత్రుడు మల్లి (శుభలేఖ సుధాకర్), అన్న కూతురు బలి కావడంతో, గెలుపు ఖరీదు ఏమిటన్న ప్రశ్నను చిత్రం దాటవేయకుండా ఎదుర్కొంటుంది. శివ ఇంతకాలం నిలవడానికి ముఖ్య కారణం ఈ నిర్మాణమే. ఎక్కువ ప్రసిద్ధి పొందినది మాత్రం సైకిల్ చైన్.

నిలిపి ఉన్న సైకిల్ నుంచి చైన్ ఊడదీసి శివ తిరగబడే ఆ దృశ్యం బలం దెబ్బల్లో కన్నా దెబ్బలకు ముందున్న నిలకడలో ఉంది. అప్పటి పోరాట దృశ్యాలు నిడివి, గాల్లో పల్టీలు, ఏకరీతి దెబ్బల చప్పుళ్ల మీద ఆధారపడగా, ఇందులో నిశ్శబ్దం, పరుగెత్తే కాళ్ల చప్పుడు, ఇనుప గొలుసు మోత వేర్వేరుగా వినబడతాయి. శబ్దగ్రాహకుడి ఇంట పెరిగిన దర్శకుడు శబ్దాన్ని కథనంలో భాగం చేసుకోవడం సహజమే. ఇళయరాజా నేపథ్య సంగీతం కూడా చాలాచోట్ల తప్పుకుని ఆ చప్పుళ్లకు చోటిస్తుంది. ఛాయాగ్రహణంలో స్టెడీకామ్ వాడకం మరో విశేషం. కెమెరాను మనిషి ఒంటికి పట్టీలు, స్ప్రింగుల చేయి సాయంతో అమర్చి, నడిచినా పరుగెత్తినా దృశ్యం కుదుపు లేకుండా వచ్చేటట్లు చేసే ఈ పరికరాన్ని అమెరికాకు చెందిన గారెట్ బ్రౌన్ 1970లలో రూపొందించాడు. దానిని గట్టిగా ఉపయోగించుకున్న తొలి భారతీయ చిత్రాల్లో శివ ఒకటి. పట్టాల మీద సాగే కెమెరా ప్రేక్షకుణ్ణి సాక్షిగా ఉంచగా, ఇది అతణ్ణి పారిపోయేవాడి వెంట పరుగెత్తిస్తుంది.

చిత్రం ఘనవిజయం సాధించి వర్మకు నంది పురస్కారాలు తెచ్చిపెట్టింది. తమిళంలో ఉదయం పేరుతో అనువాదమై ఆదరణ పొందింది. 1990లో అదే దర్శకుడు నాగార్జున, అమల, రఘువరన్‌లతోనే హిందీలో పునర్నిర్మించాడు. తర్వాత అంతం (1992), గాయం (1993) మీదుగా వర్మ బొంబాయి చేరి, సత్య (1998), కంపెనీ (2002) చిత్రాలతో హిందీ నేరచిత్రపు తీరునే మార్చాడు. శివకు సహాయకుడిగా పనిచేసిన కృష్ణవంశీ సహా ఎందరో దర్శకులు ఈ బాట నుంచి వచ్చారు.

థియేటర్ల నుంచి వెళ్లిపోయిన తర్వాత శివ క్యాసెట్లలో, డిస్కుల్లో, టెలివిజన్‌లో, అంతర్జాలంలో బతికింది. తరాలకు చేరువ చేసిన ఆ సాధనాలే దాని శక్తిని కొంత తగ్గించాయని కూడా ఒప్పుకోవాలి. అరిగిన ప్రతి నుంచి తీసిన బొమ్మలో రాత్రి దృశ్యాలు నల్లటి ముద్దలవుతాయి. ప్రకటనల మధ్య తెగిన ప్రసారంలో నిశ్శబ్దం నిలవదు. చిన్న స్పీకరులో గొలుసు మోతకూ మామూలు చప్పుడుకూ తేడా మిగలదు.

చూసే చోటును బట్టి కూడా చిత్రంలో వేర్వేరు అంశాలు ముందుకొస్తాయి. హైదరాబాదుకు పడమర రామచంద్రాపురం, పటాన్‌చెరు, రుద్రారం మీదుగా సంగారెడ్డి వైపు సాగే జాతీయ రహదారి వెంట, శివ విడుదలయ్యే నాటికే మందులు, రసాయనాలు, యంత్రాల కర్మాగారాలు వెలిశాయి. అప్పట్లో ఇదంతా మెదక్ జిల్లా. ఇప్పుడు రుద్రారంలో ఒకవైపు కర్మాగారాలు, మరోవైపు గీతం విశ్వవిద్యాలయ ప్రాంగణం ఉన్నాయి. ఒకే రోడ్డు మీద షిఫ్టుకు వెళ్లే కార్మికుడూ తరగతికి వెళ్లే విద్యార్థీ ఎదురుపడతారు. కళాశాలనూ కార్మిక యూనియన్‌నూ ఒకే అధికారపు రెండు కొమ్మలుగా చూపిన శివను ఇటువంటి పారిశ్రామిక ప్రాంతం నుంచి చూసినప్పుడు, సాధారణంగా ఎవరూ పట్టించుకోని యూనియన్ ఘట్టాలకు బరువు పెరుగుతుంది. మనుషులను కూడగట్టగలిగినవాడిదే నగరమన్న సంగతి కర్మాగారం గేటు దగ్గర పెరిగినవారికి కొత్త కాదు.

పాత చిత్రాలను మెరుగుపరచి థియేటర్లలో మళ్లీ విడుదల చేసే ఒరవడి తెలుగునాట 2022 ఆగస్టులో పోకిరి ప్రత్యేక ప్రదర్శనలతో ఊపందుకుంది. వీటిలో చాలావరకు నటుల పుట్టినరోజు వేడుకలు. పాటలకు గంతులు, కాగితాల జల్లు వాటి లక్షణం. ఆ ఉత్సాహం అభిమానానికి గుర్తే అయినా, నిశ్శబ్దం మీద నిలిచిన చిత్రానికి అది తగిన ఆదరణ కాదు. 2025 జనవరి 17న సత్య తిరిగి విడుదలైనప్పుడు, దానిని చూసి కంటతడి పెట్టానని, ఆ స్థాయిని తర్వాత తాను నిలుపుకోలేకపోయానని వర్మ బహిరంగంగా రాశాడు. అదే ఏడాది నవంబరు 14న, అన్నపూర్ణ స్టూడియో యాభయ్యేళ్ల సందర్భంగా శివ 4కె రూపంలో వచ్చింది. అడ్డంగా సుమారు నాలుగు వేల చుక్కలతో బొమ్మను నిలిపే పద్ధతిని 4కె అంటారు. ఒకే మార్గంలో నమోదైన పాత శబ్దాన్ని, ప్రేక్షకుడి చుట్టూ, తల మీదా ధ్వనులను అమర్చే డాల్బీ అట్మాస్ పద్ధతికి మార్చారు.

పునర్వీక్షణ లోపాలను కూడా బయటపెడుతుంది. అమల పోషించిన ఆశ తొలిభాగంలో చురుకైన విద్యార్థిని కాగా, పెళ్లి తర్వాత కథ ఆమెను ఎదురుచూసే ఇల్లాలిగా మిగిల్చింది. కొన్ని పాటలు బిగువును సడలిస్తాయి. అన్న కూతుర్ని సైకిల్ మీద ఎక్కించుకుని శివ రౌడీల నుంచి తప్పించుకునే దృశ్యాన్ని మూడున్నర దశాబ్దాలుగా ప్రేక్షకులు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. 2025 విడుదల సమయంలో వర్మ, ఆ ప్రమాదకరమైన షాట్లలో పసిపిల్లను ఉంచడం తాను అప్పట్లో ఆలోచించకుండా చేసిన పని అని ఒప్పుకుని, ఆనాటి బాలనటికి బహిరంగంగా క్షమాపణ చెప్పాడు.