జాబు విప్పి చదివే కాపలాదారు

పెనుకొండ కోటకు ఉత్తరాన ఎర్రమంచి గేటు ఉంది. పెద్ద ఆంజనేయుడి విగ్రహం ఉన్న ద్వారం. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని ఈ కొండ కిందికే వచ్చింది. పైన ధర్మవరం, కింద హిందూపురం, మధ్యలో పెనుకొండ. బెంగళూరు వెళ్ళే రైలు కూడా ఆ వరసలోనే వెళ్తుంది. ఫైర్‌వాల్ గురించి ఎవరికైనా చెప్పాల్సి వస్తే నాకు ఈ మూడు ఊళ్ళే గుర్తొస్తాయి.

ఉత్తినే ఊహించండి. హిందూపురం అంగడాయన చీరల కోసం ధర్మవరానికి జాబు ఇచ్చి మనిషిని పంపాడు. దారిలో పెనుకొండ కాపలాదారుకి ఒకటే రూలు: లోపలినుంచి వెళ్ళినవాడు తిరిగొస్తే వదలాలి, ముఖం తెలియనివాణ్ణి ఆపాలి. బాగానే ఉంది. కానీ జాబులో అంగడాయన ఏం రాశాడంటే, చీరలు మీ మనిషే తెచ్చి మా వెనక తలుపు దగ్గర ఇవ్వాలని. మూటతో వచ్చినవాడు కొత్త ముఖం. గేటు దగ్గరే ఆగిపోతాడు.

ఫైల్ ట్రాన్స్‌ఫర్ ప్రోటోకాల్, అదే ఎఫ్‌టీపీ, కథ అచ్చం ఇదే. 1971 ఏప్రిల్‌లో దాని మొదటి రూపాన్ని ఆర్‌ఎఫ్‌సీ 114గా రాసింది అభయ్ భూషణ్. ఐఐటీ కాన్పూరు మొదటి బ్యాచ్ విద్యార్థి, అప్పటికి ఎంఐటీలో ఉన్నాడు. తర్వాతి సవరణలన్నీ కలిసి 1985లో ఆర్‌ఎఫ్‌సీ 959 అయ్యాయి. మాటలకి ఒక కనెక్షన్, సరుకుకి ఇంకొకటి. క్లయింట్ 'ఫలానా పోర్ట్‌కి రా' అంటాడు, సర్వర్ తానే బయల్దేరి వస్తుంది. దీన్ని తెలివితక్కువ పని అనలేం. దారిలో గేట్లే లేని రోజులవి.

గేట్లు వచ్చాక తిప్పలు మొదలయ్యాయి. 1994 ఫిబ్రవరిలో స్టీవెన్ బెలోవిన్ ఓ సలహా రాశాడు: సర్వర్‌ని రమ్మనకండి, రెండోసారి కూడా క్లయింటే వెళ్ళాలి. ప్యాసివ్ మోడ్ అన్నమాట. దాంతో తలనొప్పి అవతలి ఊరి గేటుకి మారింది, అంతే.

రెండో దారి, కాపలాదారే జాబు విప్పి చదవడం. 2001 జనవరిలో వచ్చిన లినక్స్ 2.4లో ఈ పని చేసే హెల్పర్ ఉంది. పోర్ట్ కమాండ్‌లో కామాలతో ఆరు అంకెలుంటాయి. మొదటి నాలుగూ అడ్రసు. చివరి రెండూ 19, 137 అయితే 19ని 256తో గుణించి 137 కలపాలి: 5001. ఆ ఒక్క తలుపు, ఆ ఒక్క మూట కోసం తెరుస్తుంది. మధ్యలో న్యాట్ ఉంటే ఇంకా కష్టం. జాబులోని ఇంటి అడ్రసు చెరిపి బయటి అడ్రసు రాయాలి. అక్షరాల సంఖ్య మారితే ఆ తర్వాత వచ్చే ప్రతి ప్యాకెట్‌లోనూ టీసీపీ వరస నంబర్లు సర్దుతూ పోవాలి. న్యాట్ గురించిన 1994 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1631లోనే ఈ గోల ఉంది. ఈ పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. ఇంత బుర్ర ఇలాంటి అతుకు కోసమా అని కాస్త దిగులు కూడా.

అసలు చిక్కు వేరే. జాబు విప్పి ఉంటేనే సాయం అందుతుంది. అదే జాబులో పాస్‌వర్డ్ కూడా విప్పే ఉంటుంది. 2005లో ఆర్‌ఎఫ్‌సీ 4217 ఎఫ్‌టీపీకి టీఎల్ఎస్ ముసుగు వేసింది, హెల్పర్‌కి కళ్ళు పోయాయి. దానికీ ఓ మందుంది, సీసీసీ అనే కమాండ్: లాగిన్ అయ్యాక ముసుగు తీసేసి మామూలుగా మాట్లాడదాం అని. గేటువాడు చదువుకోవడం కోసం! మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది. తర్వాత అంత నవ్వు రాలేదు.

చదివేవాణ్ణి మోసం చేయడమూ తేలికే. 2020లో సామీ కామ్‌కర్ చూపించాడు: ఒక వెబ్ పేజీ ఇంటర్నెట్ ఫోన్ కాల్‌లా కనిపించే ప్యాకెట్ పంపిస్తే, ఇంట్లో రూటర్‌లోని హెల్పర్ నమ్మి తలుపు తీస్తుంది. లినక్స్ అంతకు నాలుగేళ్ళ ముందే, 4.7 వెర్షన్‌లో, హెల్పర్లు తమంతట తాము పనిలోకి దిగడాన్ని డిఫాల్ట్‌గా ఆపేసింది. ఏ ట్రాఫిక్‌కి ఏ హెల్పరో అడ్మినే రాసివ్వాలి.

ఇప్పుడు ఎస్‌ఎఫ్‌టీపీ ఉంది. పేరు దగ్గరగా ఉన్నా చుట్టం కాదు. మాటా సరుకూ ఒకే కనెక్షన్‌లో, పోర్ట్ 22 మీద, సీలు వేసుకుని పోతాయి. గేటువాడికి చదవడానికేమీ ఉండదు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ 2021లో ఎఫ్‌టీపీని వదిలేశాయి. ఆ పాత హెల్పర్ మాత్రం కెర్నెల్‌లో ఇంకా కూర్చునే ఉంది, ఎవరైనా జాబు విప్పి ఇస్తారేమోనని.