పద్దు ఎవరిది, రుజువు ఎవరిది?

మా చెంచు పెద్దలు పాత అప్పు గురించి చెప్పేటప్పుడు ‘ఎంత’ అని చెప్పరు, ‘ఎవరికి’ అని చెబుతారు. లెక్క షావుకారి పద్దులో ఉండేది. తెచ్చిన తేనెకు, జిగురుకు ఏ ధర కట్టాడో, ఉప్పుకు, గుడ్డకు ఎంత రాసుకున్నాడో చదవరాదు. కింద వేలిముద్ర మాత్రం మనది. బడిలో కూడికలు చెప్పేటప్పుడు మాకు ఆ పద్దే గుర్తుకొస్తుంది.

1956లో విశాఖలో పుట్టిన గిరిజన సహకార సంస్థ తర్వాత మన మన్ననూరుకూ వచ్చింది. అడవి సరుకుకు షావుకారి ఒక్కడే దిక్కు కాకుండా పోయాడు. పాత అప్పు మాత్రం పోలేదు. తండ్రి తెచ్చిన దానికి కొడుకు జీతం ఉన్నాడు.

1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. దాని 6వ సెక్షన్ వెట్టి అప్పును కొట్టేసింది. దాని వసూలుకు సివిల్ కోర్టులో దావా నడవదు. మాకు ఇంకా పెద్దదిగా తోచేది 15వ సెక్షన్. ‘ఇది వెట్టి అప్పు’ అని జీతగాడు అంటే, కాదని రుజువు చేయాల్సింది అప్పిచ్చినవాడే. తరతరాలు మనల్ని ‘కట్టలేదని ఎట్లా చూపిస్తావు?’ అని అడిగారు. చట్టం ఆ ప్రశ్నను అటువైపు తిప్పింది. (బ్యాంకులో తీసుకున్న మామూలు అప్పుకు ఇది వర్తించదు, పొరపడవద్దు.)

ఇప్పుడు పాత బాకీ అంటూ కాగితం పట్టుకొని ఎవరైనా గుడిసె ముందుకు వస్తే వేలిముద్ర వేయవద్దు. లెక్క రాసిమ్మని అడగండి. కలెక్టరుకో ఆర్డీఓకో దరఖాస్తు ఇచ్చి, నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. రాయడానికి మన బడి ఉంది.