సౌందర్య శస్త్రచికిత్స: అవసరాన్ని నిర్ణయించేదెవరు?

1794 అక్టోబరులో లండన్‌లోని 'జెంటిల్మన్స్ మ్యాగజైన్' కావాస్‌జీ అనే భారతీయుని చిత్రాన్ని ప్రచురించింది. మూడవ మైసూరు యుద్ధంలో ఆంగ్లసైన్యం వెంట ఎడ్లబండి తోలిన అతడు టిప్పు సుల్తాను మనుషులకు చిక్కి ముక్కునూ ఒక చేతినీ పోగొట్టుకున్నాడు. ఏడాది తరువాత పుణె ప్రాంతంలో ఇటుకలు చేసే కులానికి చెందిన ఒకడు అతనికి కొత్త ముక్కు అమర్చాడు. మైనంతో చేసిన నమూనాను నుదుటిపై పరచి, ఆ మేరకు చర్మం కోసి, రక్తప్రసరణ ఆగకుండా కనుబొమల నడుమ కొంత తెగనివ్వక, మెలితిప్పి కిందికి దించాడు. సుశ్రుతసంహిత చెప్పింది చెంప చర్మం, ఇది నుదుటిది.

ఆ వార్తతో ఆసక్తి కలిగిన లండన్ వైద్యుడు జోసెఫ్ కార్ప్యూ, శవాలపై సాధన చేసి, 1814 అక్టోబరు 23న ఒక సైనికాధికారికి ఆ చికిత్స చేశాడు. శస్త్రచికిత్సకు ఈథర్ మత్తు వాడుకలోకి వచ్చింది 1846లో. అంటే రోగి ఆ కోతను మెలకువలోనే భరించాడు. అయినా అది అవసరమా అని అడిగినవారు అరుదు. ముక్కు కోయడం ఇక్కడ పరువు తీసే శిక్ష. ఐరోపాలో ముక్కు లేని ముఖం సుఖరోగానికి గుర్తు. నష్టం అందరికీ కనిపించేది.

కనిపించని నష్టం మాటేమిటి? ఆ ప్రశ్నను బెర్లిన్ వైద్యుడు జాక్ జోసెఫ్ ముందుకు తెచ్చాడు. 1896లో ఒక బాలుడి పొడుచుకువచ్చిన చెవులను సరిచేసినందుకు అతడు ఉద్యోగం పోగొట్టుకున్నాడు. రోగం లేని చోట కత్తి పట్టరాదన్నది నాటి వైద్యుల మాట. 1898లో, పెద్ద ముక్కు కారణంగా నలుగురిలో తిరగలేకపోతున్న ఒక యువకుడికి దానిని తగ్గించి, ఆ వివరాలను బెర్లిన్ వైద్యసంఘం ముందుంచాడు. మనోవేదన కూడా చికిత్సకు తగిన కారణమేనన్నది అతని వాదం.

ఆ వాదం గెలిచింది, కానీ ఒక చిక్కు మిగిలింది. యూదుడైన జోసెఫ్ వద్దకు వచ్చినవారిలో, యూదద్వేషం పెరుగుతున్న ఆ నగరంలో తమ ముక్కు తమ జాతిని పట్టి ఇవ్వకూడదని కోరుకున్న యూదులూ ఉన్నారు. దోషం ముక్కుదా, చూసేవారి చూపుదా? కత్తి మొదటిదాన్నే మార్చగలదు.

నేటి వైద్యులు సైతం శస్త్రచికిత్సకు ముందు కారణం అడుగుతారు. లేని లోపాన్ని ఉన్నట్టు భావించి కుమిలిపోయే మానసిక రుగ్మతకు శస్త్రచికిత్స సాధారణంగా ఊరట ఇవ్వదని వారికి తెలుసు. కావాస్‌జీకి ఆ ప్రశ్న అక్కరలేదు. మత్తుమందు వచ్చి బాధ తగ్గినకొద్దీ, ఆ నిర్ణయంలో బాధ స్థానాన్ని ఆ ప్రశ్నే ఆక్రమించింది: ఈ మార్పు కోరుతున్నది తానా, తనను చూసే లోకమా?