కావడి మొదలు సైకిలు వఱకు: బాటసారి బరువు



మా పటమట బెజవాడ నుండి బందరునకు పోవు బాటమీద నున్నది. నేడది నగరములో కలిసిపోయినది. నా చిన్ననాట మాత్రము తెల్లవాఱక మునుపే ఆ బాటవెంట పాలవారి సైకిళ్లు వరుసగా పట్టణమునకు సాగుచుండెడివి. వెనుక చక్రమునకు కుడి యెడమల నొక్కొక్క బిందె, నడుమ మనిషి. ఒక బిందె నిండుగ నుండి రెండవది వెలితియైనచో సైకిలు ప్రక్కకు లాగును. నాలుగైదు దినములు సైకిలుమీద ప్రయాణము చేయువాడు తన సామానును ఎట్లు కొనిపోవలెనను ప్రశ్నకు సమాధానము ఆ పాలవారి యొద్దనే యున్నది. ఆ సంగతి నాకు బోధపడుటకు నేనొకసారి బోర్లపడవలసి వచ్చినది. ఆ కథకు ముందు కొంత చరిత్ర మనవి చేసెదను.

మన పూర్వులు బరువును దూరము చేర్చుటకు వాడిన సాధనములలో కావడియు, పెరికయు ముఖ్యమైనవి. కావడిబద్ద రెండు కొనలను సమానమైన బరువు వ్రేలాడును. మోయువాని అడుగుతోపాటు బద్దయు ఊగును. పెరిక యనగా ఎద్దు వీపున ఇరుప్రక్కలకు దిగు జోడుసంచి. బండిబాటలు లేని కాలమున సముద్రతీరపు ఉప్పును లంబాడీలు ఎద్దులపై వేసికొని లోనాడులకు చేర్చెడివారు. మోయునది మనిషి యైనను, ఎద్దైనను సూత్ర మొక్కటియే: బరువును రెండు సమభాగములు చేయవలెను, అది క్రిందుగా నుండవలెను, కదలరాదు.

ఇక యాత్రికుని సంగతి చూతము. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాసిగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరిరి. ఆయన వ్రాసిన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చుపడినది. మన బెజవాడ న్యాయవాది దిగవల్లి వేంకట శివరావుగారు 1941లో దానిని మరల ప్రకటించిరి. ఆ యాత్రలో వీరాస్వామయ్యగారి వెంట సుమారు నూఱుగురు పరివార ముండిరి. డేరాలు, వంటపాత్రలు, పల్లకీ, దానిని మోయు బోయీలు, అన్నియు వెంటనే నడిచినవి. ఆయన ధర్మాత్ముడు, పరివారముపై దయగలవాడు. అయినను ఆ కాలమున యాత్ర యనగా ఒకరి పుణ్యమునకు పలువురి భుజములు కావలసి యుండెను. కలవాడు మోయించుకొనెను; లేనివాడు మూట నెత్తిన పెట్టుకొని నడచెను.

ఈ స్థితిని మార్చిన యంత్రములలో సైకిలొకటి. నేటి రూపునకు దగ్గఱగా రెండు సమాన చక్రములు, గొలుసు గల సైకిలు 1885లో ఇంగ్లండున వచ్చినది. 1888లో డన్‌లప్ అను ఆయన గాలి నింపిన టైరును ప్రవేశపెట్టెను. అంతకుముందే, 1884 ఏప్రిల్‌లో, థామస్ స్టీవెన్స్ అను ఆయన పెద్ద ముందుచక్రము గల పాతరకపు బండిమీద శాన్‌ఫ్రాన్సిస్కో నుండి బయలుదేరి, 1886 డిసెంబరు నాటికి జపాను చేరెను. నడుమ మన దేశములో లాహోరు నుండి కలకత్తా వఱకు తొక్కెను. బయలుదేరిననాడు ఆయన సామాను ఎంత? మేజోళ్లు, మాఱు చొక్కా యొకటి, చిన్న తుపాకి, వానకోటు. ఆ వానకోటే రాత్రివేళ డేరా, అదియే పడక. నూఱుగురి పరివారమునకును, ఒక చిన్న సంచికిని నడుమ గడచినవి ఏబదినాలుగేండ్లు మాత్రమే. తరువాత 1923 అక్టోబరులో బొంబాయి పార్సీ యువకు లాఱుగురు సైకిళ్లపై భూప్రదక్షిణమునకు బయలుదేరిరి. వారిలో ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భూంగరా అను మువ్వురు 1928 మార్చిలో యాత్ర ముగించి తిరిగి వచ్చిరి.

ఇక నా కథ. 1984 సంక్రాంతి సెలవులలో నేనును, మా బావమఱిదియు పటమట నుండి హంసలదీవికి సైకిళ్లపై బయలుదేరితిమి. కృష్ణమ్మ సాగరమున కలియు చోటు చూచి, నాలుగు దినములలో తిరిగి రావలెనని సంకల్పము. నేను కొత్తగా ఉద్యోగమున చేరిన బడిపంతులను. దారిలో చదువుటకు నాలుగు గ్రంథములు, ఇత్తడి గిన్నెలు, జంపఖానా, ధోవతులు, అన్నియు ఒక రేకుపెట్టెలో కుక్కి, వెనుక క్యారియరుపై నిలువుగ నిలిపి త్రాటితో బిగించితిని.

కంకిపాడు దాటిన పిదప కాలువగట్టు ఎక్కుచుండగా ముందుచక్రము గాలిలోనికి లేచినది. నేను వెల్లకిలగా పడబోయి, ప్రక్కకు తిరిగి బోర్లపడితిని. వెనుక చక్రపు చువ్వలు రెండు విఱిగినవి. బావమఱిది, "ఇటివ్వండి బావగారూ, నేను కట్టుకుంటాను" అని ఆ పెట్టెను తన సైకిలున కెత్తుకొనెను. మైలు దూరము పోకముందే, బండిచాలులో చక్రము దిగి, ఆతడును పడెను. మోకాలు చీరుకొని నెత్తురు కాఱినది.

ఆ గట్టు ఎటువంటిదో తలంచుడు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిదప ఈ కాలువలలో పడవలు నడచినవి. గాలి లేనప్పుడు పడవవాండ్రు త్రాడు భుజమున వేసికొని గట్టువెంట నడచుచు పడవను లాగెడివారు. వారి పాదములు నలిపిన దారిలోనే నా గ్రంథములను మోయబోయి ఒక పసివాడు పడెను. వీరాస్వామయ్యగారికి బోయీలుండిరి, నాకు బావమఱిది దొరకెనని తలంచి నేను సిగ్గుపడితిని.

ఉయ్యూరిలో సైకిళ్లు బాగుచేయు ముసలాయన చువ్వలు వేసి, పెట్టెను చేతితో ఎత్తిచూచి, "పంతులుగారూ, బరువు ఎక్కువే గాని, అసలు తప్పు అది కాదండీ. అంతా తోక మీద పెట్టారు" అనెను. రెండు గోనెసంచులు తెచ్చి, సామానును సమముగ పంచి, క్యారియరునకు ఇరుప్రక్కల ఇరుసు దగ్గఱకు దిగునట్లు కట్టెను. అది అచ్చముగ పెరికయే! జంపఖానా చుట్టి హ్యాండిలుకు కట్టగా ముందుచక్రము నేలను పట్టుకొనినది. పంపు, అతుకు సామాను పైకి తీసి, చేతికందునట్లు పెట్టెను. "ఇందులో పట్టనిది మీకు అక్కఱలేనిదే" అని పెట్టెను తన కొట్టులోనే ఉంచెను. గ్రంథములును, గిన్నెలును దానిలోనే మిగిలినవి. పామఱ్ఱు, కూచిపూడి, మొవ్వ మీదుగా హంసలదీవి చేరి తిరిగి వచ్చునప్పుడు ఆ పెట్టెను తెఱచి చూచితిని. అందులోని వస్తువు ఒక్కటియు నాకు ఆ దినములలో జ్ఞప్తికి రాలేదు.

నేటి యువకులు సైకిలు చట్రపు త్రికోణములో ఇమిడెడి సంచులు, సీటు క్రింది సంచులు కొనుచున్నారు. సంచి కొత్తది, సూత్రము పాతదే. వారు మీ యూరి మీదుగ పోవునపుడు నీళ్లిచ్చి, త్రాడు సడలెనేమో చూచి, ఒక్క మాట చెప్పుడు: తాను మోయలేని దానిని మూట కట్టువాడు దానిని ఎవరి భుజముననో పెట్టుచున్నాడు. మా బావమఱిది మోకాలి మచ్చ నేటికిని మానలేదు. ఆతడు దానిని గూర్చి ఎన్నడును మాటాడలేదు. నేను మాత్రము చూచినప్పుడెల్ల ఆ రేకుపెట్టెను తలంచుకొందును.