స్పోర్ట్స్ కారుతో ట్రాక్‌కి వెళ్తున్నారా? పెయింట్ పాడవకుండా ఏం చేయాలంటే..

లక్షలు, కోట్లు పోసి కొన్న స్పోర్ట్స్ కారు.. రేస్ ట్రాక్‌పై పట్టుమని 20 ల్యాప్‌లు తిరిగి పిట్‌లోకి వచ్చేసరికి బంపర్ నిండా చిన్న చిన్న చుక్కలు, చక్రాల వెనక నల్లటి రబ్బరు మరకలు! మొదటిసారి ట్రాక్ డేకి వెళ్లిన చాలామంది ఈ సీన్ చూసి షాక్ అవుతారు. పైపై గీతలైతే పాలిష్‌తో పోతాయి. కానీ రాయి తగిలి పెచ్చు లేచిపోతే ఫ్యాక్టరీ పెయింట్ మళ్లీ రాదు. రీపెయింట్ చేయిస్తే కారు అమ్మేటప్పుడు మీటర్ పెట్టి మరీ కనిపెట్టేస్తారు. మరి పెయింట్‌ను కాపాడుకోవడం ఎలా? దేనికి ఏది పనికొస్తుంది? ఇప్పుడు చూద్దాం.

ట్రాక్‌పై ఎందుకంత డ్యామేజీ?

ట్రాక్‌పై కార్ల టైర్లు బాగా వేడెక్కి జిగురుగా మారతాయి. రోడ్డు అంచున ఉన్న కంకర, ఇసుక, అరిగిపోయిన రబ్బరు ముక్కలు వాటికి అంటుకుని వెనక వచ్చే కారుపైకి ఎగిరి పడతాయి. ఇక స్పీడ్ సంగతి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోలిస్తే 180 అంటే 3 రెట్లు. కానీ రాయి తగిలే దెబ్బలోని శక్తి ఏకంగా 9 రెట్లు పెరుగుతుంది. అందుకే సిటీలో ఏళ్ల తరబడి చెక్కుచెదరని బంపర్ ట్రాక్‌పై ఒక్క పూటలోనే పాడైపోతుంది.

పైగా కారు పెయింట్ మనం అనుకున్నంత మందంగా ఉండదు. ప్రైమర్, రంగు, పైన క్లియర్ కోట్.. అన్నీ కలిపినా సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లే. అంటే దాదాపు మన తలవెంట్రుక మందం అన్నమాట!

పీపీఎఫ్.. రాళ్ల దెబ్బకు అసలైన కవచం

పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్‌నే షార్ట్‌గా పీపీఎఫ్ అంటారు. ఇది పాలియురేథేన్‌తో చేసిన, సాగే గుణమున్న పారదర్శక పొర. మందం 150 నుంచి 200 మైక్రాన్ల వరకు ఉంటుంది. రాయి తగిలితే ఆ దెబ్బను ఫిల్మ్ తాను తీసుకుని పెయింట్ దాకా పోనివ్వదు. మంచి రకం ఫిల్మ్‌పై పడ్డ సన్నటి గీతలు ఎండ వేడికో, వేడి నీళ్లకో వాటంతటవే మాయమవుతాయి. నిజానికి దీని మూలాలు కార్లలో లేవు. వియత్నాం యుద్ధ కాలంలో హెలికాప్టర్ రెక్కలను ఇసుక, రాళ్ల నుంచి కాపాడటానికి వాడిన టేపు నుంచే ఇది పుట్టింది.

కారు మొత్తానికి వేయిస్తే ఖర్చు లక్ష దాటడం మామూలే. బడ్జెట్ లేకపోతే ముందు ఇవి కవర్ చేయించండి:

- ముందు బంపర్, బానెట్
- ముందు ఫెండర్లు, సైడ్ మిర్రర్లు
- తలుపుల కింద ఉండే సైడ్ స్కర్టులు
- వెనక చక్రాల ముందున్న భాగం (సొంత టైర్లు విసిరే రాళ్లు తగిలేది ఇక్కడే)

సిరామిక్ కోటింగ్ చాలదా?

చాలామంది పొరబడేది ఇక్కడే. సిరామిక్ కోటింగ్ మందం మామూలుగా కొద్ది మైక్రాన్లే. నీళ్లు, మురికి నిలవకుండా చేస్తుంది. మెరుపునిస్తుంది. రబ్బరు మరకలు, బ్రేక్ డస్ట్ కడగడం సులువవుతుంది. అంతేగానీ రాయి తగిలితే ఆపలేదు. రెండూ కావాలనుకుంటే పీపీఎఫ్ వేయించి, దానిపైన సిరామిక్ కోటింగ్ చేయించుకోవచ్చు.

ఒక్క రోజుకే అయితే టేపు!

ఏడాదికి ఒకటి రెండుసార్లే ట్రాక్‌కి వెళ్లేవాళ్లకు చవకైన మార్గం పెయింటర్లు వాడే తక్కువ జిగురు మాస్కింగ్ టేపు. ట్రాక్ కోసమే తయారైన, తీసేయగలిగే ఫిల్మ్ రోల్స్ కూడా దొరుకుతున్నాయి. ఇవి పీపీఎఫ్ అంత గట్టివి కావు గానీ రబ్బరు మరకలు, చిన్న కంకర నుంచి కాపాడతాయి. అయితే కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి:

- కారు శుభ్రంగా కడిగి, ఆరాకే అతికించాలి. మధ్యలో దుమ్ము ఉంటే అదే గీతలు పెడుతుంది.
- రేడియేటర్, బ్రేకులకు గాలి వెళ్లే దారులు, లైట్లు, సెన్సార్లను మూయొద్దు.
- ప్యాకింగ్ టేపు, గట్టి జిగురు టేపు అస్సలు వాడొద్దు.
- ట్రాక్ పూర్తయిన రోజే తీసేయాలి. ఎండలో రోజుల తరబడి ఉంచితే జిగురు పెయింట్‌కు పట్టేస్తుంది.
- పీకేటప్పుడు లాగేయకుండా, మడతపెట్టినట్టు నెమ్మదిగా తీయాలి.

హైదరాబాద్ నుంచి చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌కు కారు నడుపుకుంటూ వెళ్లాలంటే 600 కిలోమీటర్లకు పైనే. ఇంటి దగ్గరే టేపు వేసుకుని ఎండలో అంత దూరం వెళ్లే బదులు ట్రాక్ దగ్గరకు చేరాక వేసుకోవడం మేలు. హైవేపై లారీల వెనక ఎగిరే కంకర నుంచి కూడా కాపాడాలంటే పీపీఎఫ్ ఉండాల్సిందే.

రీపెయింట్ చేసిన కారైతే?

కొత్తగా పెయింట్ వేయించిన భాగం పూర్తిగా గట్టిపడటానికి వారాలు పడుతుంది. ఈలోగా ఫిల్మ్ గానీ, టేపు గానీ వేస్తే తీసేటప్పుడు పెయింట్ కూడా ఊడి రావచ్చు. ఎన్నాళ్లు ఆగాలో పెయింట్ వేసిన షాపులోనే అడగండి. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు ఏ భాగం రీపెయింట్ అయిందో ముందే చెక్ చేయించుకోవాలి.

ట్రాక్ నుంచి వచ్చాక..

ముందుగా కారు చల్లబడనివ్వండి. తర్వాత ప్రెషర్ వాష్‌తో ఇసుకను వదిలించండి. పొడి గుడ్డతో తుడిస్తే ఉన్న పెయింట్‌పై మీరే గీతలు పెట్టినట్టు! రబ్బరు మరకలకు తారు తొలగించే లిక్విడ్ వాడాలి, గోకకూడదు. బ్రేక్ డస్ట్‌లో ఇనుప రేణువులు ఉంటాయి. వాటికి ఐరన్ రిమూవర్ పనికొస్తుంది. ట్రాక్ దగ్గర బ్రేక్ ఫ్లూయిడ్ మారుస్తుంటే ఇంకా జాగ్రత్త. మామూలుగా వాడే డాట్ 4 ఫ్లూయిడ్ పెయింట్‌ను తినేస్తుంది. ఒక్క చుక్క పడ్డా వెంటనే నీళ్లతో కడిగేయాలి.

చివరిగా మరో ముఖ్య విషయం. మన దేశంలో మామూలు కారు ఇన్సూరెన్స్ పాలసీలు రేసింగ్, స్పీడ్ టెస్టింగ్‌కు వర్తించవు. ట్రాక్‌పై పోయిన పెయింట్ ఖర్చు మీ జేబు నుంచే. కాబట్టి ట్రాక్‌కి తరచూ వెళ్తే పీపీఎఫ్, ఎప్పుడో ఒకసారైతే టేపు.. ఏదో ఒకటి వేశాకే ట్రాక్ ఎక్కండి!