పరిశోధన సంస్థలలో ప్రత్యేక గ్రంథాలయాలు: హైదరాబాదు అనుభవం

వ్యాససంగ్రహం: తెలుగునాట గ్రంథాలయ చరిత్ర ప్రధానంగా పౌర గ్రంథాలయోద్యమ చరిత్రగానే రచింపబడింది. సంస్థల లోపల, ఆ సంస్థల పని కోసమే ఏర్పడిన ప్రత్యేక గ్రంథాలయాలకు అందులో తగిన చోటు దక్కలేదు. ఈ గ్రంథాలయాల సేవలు ఏ కొరత నుండి రూపుదిద్దుకొన్నాయి, ఆ కొరత తీరుతున్న ప్రస్తుత దశలో వాటికి మిగిలిన బాధ్యత ఏమిటి అన్న ప్రశ్నలను హైదరాబాదు పరిశోధన సంస్థల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ప్రత్యేక గ్రంథాలయం, డాక్యుమెంటేషన్, ప్రచలిత సమాచార సేవ, ఇన్స్‌డాక్, ఇక్రిశాట్, సంస్థాగత పత్రాలు.

ఉపోద్ఘాతం

1901లో హైదరాబాదులో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1914లో బెజవాడలో జరిగిన గ్రంథాలయ ప్రతినిధుల సభ, 1918లో వేటపాలెంలో ఏర్పడిన సారస్వత నికేతనం మన గ్రంథాలయ చరిత్రలో అందరికీ తెలిసిన మైలురాళ్లు. అయ్యంకి వెంకటరమణయ్య, గాడిచర్ల హరిసర్వోత్తమరావుల కృషిపై గ్రంథాలు వచ్చాయి, పరిశోధనలు జరిగాయి. అది ప్రజల చరిత్ర, ఉద్యమ చరిత్ర కనుక సహజంగానే రచయితలను ఆకర్షించింది. ప్రయోగశాల ఆవరణలో, శిక్షణ సంస్థ మొదటి అంతస్తులో, పత్రికా కార్యాలయం వెనుక గదిలో నడిచిన గ్రంథాలయాలకు మాత్రం సభలు లేవు, ఊరేగింపులు లేవు. బయటివారికి ప్రవేశమే లేనిచోట చరిత్రకారుడు అడుగుపెట్టే సందర్భం అరుదు.

పౌర గ్రంథాలయానికి వచ్చే పాఠకుడు పుస్తకం కోసం వస్తాడు. ప్రత్యేక గ్రంథాలయానికి వచ్చేవాడు ఒక ప్రశ్నతో వస్తాడు. ఆ ప్రశ్నకు సమాధానం పుస్తకంలో ఉందా, పేటెంటులో ఉందా, మరో శాస్త్రవేత్త రాసిన ఉత్తరంలో ఉందా అన్నది అతనికి ముఖ్యం కాదు. ఒక విషయానికి చెందిన పుస్తకాలున్నంత మాత్రాన గ్రంథాలయం ‘ప్రత్యేకం’ కాదు. మాతృసంస్థ లక్ష్యమే దాని లక్ష్యమైనప్పుడు మాత్రమే ఆ పేరు సార్థకమవుతుంది.

భావన పుట్టుక

ఈ భావన వాణిజ్యరంగంలో పుట్టింది. అమెరికాలోని న్యూఆర్క్ నగర గ్రంథపాలకుడు జాన్ కాటన్ డానా 1904లో వ్యాపారుల కోసం ఒక ప్రత్యేక శాఖను తెరిచాడు. డైరెక్టరీలు, పటాలు, ధరల పట్టికలు అక్కడి ముఖ్యసామగ్రి. 1909లో స్పెషల్ లైబ్రరీస్ అసోసియేషన్ ఏర్పడినప్పుడు ఆయనే తొలి అధ్యక్షుడయ్యాడు. బ్రిటన్‌లో ఇదే కోవకు చెందిన ‘ఆస్లిబ్’ 1924 నాటిది.

ఈ గ్రంథాలయాల అవసరాన్ని అంకెలతో నిరూపించినవాడు లండన్ సైన్స్ మ్యూజియం గ్రంథాలయానికి చెందిన శామ్యూల్ బ్రాడ్‌ఫర్డ్. 1934లో ప్రచురించిన అధ్యయనంలో ఆయన అనువర్తిత భూభౌతికశాస్త్రంపై వెలువడిన 1,332 వ్యాసాలను లెక్కించాడు. వాటిలో 429 వ్యాసాలు కేవలం 9 పత్రికల్లోనే ఉన్నాయి. తరువాతి 499 వ్యాసాల కోసం 59 పత్రికలు వెతకాలి. మిగిలిన 404 వ్యాసాలు 258 పత్రికల్లో చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఏ శాస్త్రవేత్తా 326 పత్రికలను చదవలేడు. ఏ చిన్న సంస్థా అన్నింటికీ చందా కట్టలేదు. ఆ చివరి మూడోవంతును వెతికి తెచ్చే పనే ప్రత్యేక గ్రంథపాలకుని వృత్తి అయింది. రంగనాథన్ పంచసూత్రాల్లో నాలుగోది పాఠకుని కాలాన్ని ఆదా చేయమంటుంది. ఆయన ఆ సూత్రాలను 1931లో ప్రకటించినది అన్ని రకాల గ్రంథాలయాలనూ దృష్టిలో పెట్టుకొనే అయినా, నాలుగో సూత్రం పూర్తిగా అమలైనది ప్రత్యేక గ్రంథాలయాల్లోనే అని నా అభిప్రాయం.

కొరత నేర్పిన సేవలు

మన దేశంలో ఈ సేవలకు మరో కారణం తోడైంది. అది డబ్బు, ఇంకా సరిగా చెప్పాలంటే విదేశీ మారకద్రవ్యం. నిజాం ప్రభుత్వం 1944లో నెలకొల్పిన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనల కేంద్ర ప్రయోగశాలలు 1956లో సి.ఎస్‌.ఐ.ఆర్‌. పరిధిలోకి వచ్చి ప్రాంతీయ పరిశోధనశాలగా మారాయి. నేటి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ అదే. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి విచారణతో మొదలైన పోషకాహార పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఇటువంటి సంస్థలకు కావలసిన పత్రికలలో అధికభాగం విదేశీయాలే. అవి ఓడ టపాలో నెలల తరబడి ప్రయాణించి వచ్చేవి. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించినప్పుడు డాలరు ధర 4.76 రూపాయల నుండి 7.50 రూపాయలకు పెరిగింది. వంద డాలర్ల పత్రికకు 476 రూపాయలు కట్టిన గ్రంథాలయం ఒక్కసారిగా 750 రూపాయలు కట్టవలసి వచ్చింది. గ్రంథాలయ పద్దు మాత్రం ఆ వేగంతో పెరగదు.

ఈ కొరతను ఎదుర్కొనేందుకే 1952లో ఢిల్లీలో యునెస్కో సహాయంతో ఇన్స్‌డాక్ ఏర్పడింది. వ్యాసాల నకళ్లు, సూక్ష్మచిత్రాలు, రష్యన్, జర్మన్, జపనీస్ వంటి భాషల నుండి అనువాదాలు అది అందించేది. ఏ పత్రిక ఏ గ్రంథాలయంలో ఉందో తెలిపే ఉమ్మడి సూచిక తయారుచేసింది. 1965 నుండి భారతీయ శాస్త్ర వ్యాసాల సారాంశాల పత్రికను నడిపింది. 1955లో కలకత్తాలో ప్రత్యేక గ్రంథాలయాల సంఘం ‘అయాస్లిక్’ ఏర్పడటం, 1962లో బెంగళూరులో రంగనాథన్ ఆధ్వర్యంలో డాక్యుమెంటేషన్ పరిశోధన, శిక్షణ కేంద్రం మొదలవటం ఆ వాతావరణంలోనివే.

సంస్థ లోపల పని ఇలా సాగేది. కొత్త సంచిక రాగానే గ్రంథపాలకుడు దానిని అలమారలో పెట్టడు. విషయసూచిక చూసి, తమ శాస్త్రవేత్తలకు పనికివచ్చే వ్యాసాలను గుర్తించి, వర్గీకరించి, సైక్లోస్టైల్ చేసిన జాబితాగా ప్రయోగశాలలకు పంపుతాడు. పాఠ్యగ్రంథాలు ప్రచలిత సమాచార సేవ అని పిలిచేది దీనినే. శాస్త్రవేత్త కావలసిన వ్యాసం ఎదుట గుర్తు పెట్టి జాబితా తిరిగి పంపితే నకలు సిద్ధమవుతుంది. పత్రిక తమ వద్ద లేకుంటే ఉమ్మడి సూచిక చూసి ఇన్స్‌డాక్‌కు అభ్యర్థన వెళుతుంది. అదీ ఫలించకపోతే ఒక ప్రతి పంపమని నేరుగా వ్యాసకర్తకే పోస్టుకార్డు రాయటం అంతర్జాతీయ మర్యాద. ఈ పనికి విషయజ్ఞానం కావాలి, అంతకుమించి ఎవరు ఏ ప్రయోగంలో తలమునకలై ఉన్నారో తెలియాలి. మంచి ప్రత్యేక గ్రంథపాలకుడు సంస్థలో అందరి పనీ తెలిసిన కొద్దిమందిలో ఒకడు.

1962లో హైదరాబాదుకు వచ్చిన చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థలో ఈ సేవ ఇంకో మెట్టు ఎక్కింది. అక్కడి జాతీయ డాక్యుమెంటేషన్ కేంద్రం ‘సెన్‌డాక్’కు పాఠకులు సంస్థ ఉద్యోగులే కాదు, ఎక్కడో ఉన్న చిన్న పారిశ్రామికులు కూడా. యంత్రం ఎక్కడ దొరుకుతుంది, ముడిసరుకుకు ప్రత్యామ్నాయం ఏమిటి వంటి ప్రశ్నలున్నవారికి గ్రంథసూచిక ఇచ్చి పంపితే ప్రయోజనం లేదు. సమాధానాన్నే వారి భాషలో కూర్చి ఇవ్వాలి.

జొన్నకు ఎన్ని పేర్లు?

ప్రత్యేక గ్రంథాలయ సేవ ఎంత లోతుకు పోగలదో చూడటానికి పటాన్‌చెరు మంచి ఉదాహరణ. 1972లో అక్కడ నెలకొన్న ఇక్రిశాట్ జొన్న, సజ్జ, సెనగ, కంది, వేరుసెనగ పంటలను తన పరిశోధనకు ఎంచుకొంది. గోధుమ, వరిపై పనిచేసేవారికి పేరున్న పత్రికలున్నాయి. మెట్ట పంటల సాహిత్యం అలా కాదు. అది ఆఫ్రికా వ్యవసాయశాఖల వార్షిక నివేదికల్లో, అచ్చుకాని సిద్ధాంతవ్యాసాల్లో, భారతీయ ప్రాంతీయ పరిశోధన కేంద్రాల కరపత్రాల్లో, ఫ్రెంచి బులెటిన్లలో చెదిరి ఉంది. బ్రాడ్‌ఫర్డ్ చెప్పిన చివరి మూడోవంతే ఇక్కడ దాదాపు మొత్తం సాహిత్యం.

దానికి పేర్ల సమస్య తోడు. జొన్నను ఉత్తర భారతంలో జోవార్ అన్నారు, సూడాన్‌లో దురా, పశ్చిమాఫ్రికా ఆంగ్ల రచనల్లో గినియా కార్న్, అమెరికాలో మైలో, చైనాలో కౌలియాంగ్. సజ్జ ఒకచోట పెర్ల్ మిల్లెట్, మరొకచోట బుల్‌రష్ మిల్లెట్, ఫ్రెంచి రచనల్లో మిల్. దాని శాస్త్రీయ నామమైనా నిలకడగా ఉందా అంటే, పెన్నిసెటమ్ టైఫాయిడిస్, అమెరికానమ్, గ్లాకమ్ అని మూడు పేర్లు వేర్వేరు కాలాల రచనల్లో కనిపిస్తాయి. ఒక్క పేరుతో వెతికిన శాస్త్రవేత్తకు సగం సాహిత్యం కూడా కంటపడదు. కెనడాకు చెందిన ఐ.డి.ఆర్‌.సి. ఆర్థికసహాయంతో ఇక్రిశాట్ గ్రంథాలయంలో ఏర్పడిన జొన్న, చిరుధాన్యాల సమాచార కేంద్రం ఈ చెదురుమదురు పత్రాలను సేకరించి, పేర్లను సమన్వయపరచి, గ్రంథసూచికలు వెలువరించింది. ఆ సూచికలను కేవలం జాబితాలుగా చూడటం పొరపాటు. ఒక పంటపై ప్రపంచానికి ఏమి తెలుసో మొదట ఒకచోటికి చేర్చిన శాస్త్రీయ కృషి అది. మన విశ్వవిద్యాలయాల్లో గ్రంథసూచిక నిర్మాణాన్ని ఇప్పటికీ గుమాస్తా పనిగా భావించేవారు ఈ ఉదాహరణను గమనించాలి.

కంప్యూటర్ ప్రవేశంతో ఎంపిక చేసిన సమాచార వితరణ వచ్చింది. ఐ.బి.ఎం. ఇంజనీరు హాన్స్ పీటర్ లూన్ 1958లో ప్రతిపాదించిన పద్ధతి ఇది. ప్రతి శాస్త్రవేత్త ఆసక్తిని కొన్ని పదాల సముదాయంగా రాసిపెట్టి, కొత్తగా వచ్చే సమాచారంతో యంత్రం పోల్చి చూస్తుంది. వేరుసెనగ బూజువిషంపై పనిచేసేవారి పదసముదాయంలో ‘వేరుసెనగ’, ‘అఫ్లాటాక్సిన్’ రెండూ కలిసి ఉన్న రచనలే రావాలి. వేరుసెనగ ధరలపై రచనలు రాకూడదు. ఆ పదాలను శాస్త్రవేత్తతో కూర్చొని కుదర్చటం, అనవసరమైనవి వస్తే సవరించటం గ్రంథపాలకుని పని. యంత్రం వచ్చాక అతని అవసరం తగ్గలేదు, ఇంకా పెరిగింది.

తీరిన కొరత, మిగిలిన బాధ్యత

2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ‘ఒక దేశం ఒకే చందా’ పథకానికి ఆమోదం తెలిపింది. 30 ప్రచురణ సంస్థలకు చెందిన సుమారు 13,000 పత్రికలు 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందేలా మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. 2025 జనవరి నుండి అది అమల్లోకి వచ్చింది. ఇది హర్షించదగినదే. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ కళాశాల అధ్యాపకునికి నేడు అందుతున్న పత్రికలు ఒకప్పుడు పెద్ద ప్రయోగశాలకు సైతం అందలేదు.

అయితే ఏ కొరతపై ప్రత్యేక గ్రంథాలయం తన ఉనికిని నిరూపించుకొందో ఆ కొరతే తీరిపోతున్నప్పుడు, పాలనాధికారికి తోచే తొలి ప్రశ్న ఈ గది ఎందుకు, ఈ ఉద్యోగం ఎందుకు అన్నదే. ఆ ప్రశ్నకు గ్రంథాలయశాస్త్ర ఆచార్యులు సాధారణంగా ఇచ్చే సమాధానం శిక్షణ, సమాచార అక్షరాస్యత, పరిశోధన కొలమానాల సేవ అని. అవి అవసరమే కాని, అసలు సమాధానం వేరేచోట ఉందని నా వాదన. బయటి ప్రపంచం రాసినదాన్ని లోపలికి తేవటంలో ఏడు దశాబ్దాలు గడిపిన ఈ గ్రంథాలయాలు, తమ సంస్థ తానుగా రాసుకొన్నదాన్ని కాపాడటంలో అంత శ్రద్ధ చూపలేదు. కొరత వారి దృష్టిని బయటికే తిప్పి ఉంచింది.

పోషకాహార సంస్థనే చూద్దాం. భారతీయ ఆహారపదార్థాల పోషకవిలువలపై అయ్‌క్రాయిడ్ కూనూరులో రూపొందించి 1937లో వెలువరించినది ఒక ఆరోగ్య బులెటిన్ మాత్రమే. పలుమార్లు సవరణలు పొంది, తరాల తరబడి దేశానికంతటికీ ప్రామాణికంగా నిలిచిన పట్టికలకు అది మూలం. 1972లో ఈ సంస్థ ఆధ్వర్యంలో మొదలైన జాతీయ పోషకాహార పర్యవేక్షణ విభాగం పలు రాష్ట్రాల్లో ఇంటింటి ఆహార సర్వేలు చేసి సాంకేతిక నివేదికలు ప్రచురించింది. తెలుగు పల్లెల్లో జొన్న తగ్గి బియ్యం పెరిగిన క్రమాన్ని రాయదలచిన చరిత్రకారుడు వీటిని కాదని ఎటు పోగలడు? 13,000 పత్రికల చందాలో ఇటువంటి నివేదికలకు స్థానం లేదు. అవి ఎవరూ అమ్మే వస్తువులు కావు. వాటి ముద్రిత ప్రతులు పరిమితం, వాటి వెనుక ఉన్న క్షేత్రపత్రాలు ఇంకా పరిమితం.

రసాయన పరిశోధనశాలల విషయంలో ఇది మరింత తీవ్రం. సఫలమైన ప్రక్రియ పేటెంటుగానో వ్యాసంగానో బయటికి వస్తుంది. విఫలమైన ప్రయోగం ప్రయోగపుస్తకంలోనే ఉండిపోతుంది. పదేళ్ల తరువాత మరొకరు అదే దారిలో పోయి అదే గోడకు తగిలితే, ఆ నష్టానికి గ్రంథాలయ లోపం కూడా కొంత కారణమే. పదవీవిరమణ చేసిన శాస్త్రవేత్త గది ఖాళీ చేసే రోజున ఆ పుస్తకాలు ఎక్కడికి పోవాలో చెప్పే నియమం గ్రంథాలయం వద్ద ఉండాలి. స్టోర్స్ విభాగం వద్ద కాదు.

ఈ దిశలో కొంత పని జరిగింది. ఇక్రిశాట్ 2009లో తన శాస్త్రవేత్తల రచనలను బహిరంగ భాండాగారంలో దాఖలు చేయాలన్న విధానాన్ని చేపట్టింది. కాని భాండాగారాల్లో చేరేవి ప్రధానంగా ప్రచురితమైన వ్యాసాలే. అంతర్గత నివేదికలు, విచారణ పత్రాలు, సమావేశాల వివరాలు, సైక్లోస్టైల్ జాబితాలు ఇంకా అలమారల్లోనే ఉన్నవి ఉన్నాయి, తూకానికి పోయినవి పోయాయి.

ఈ చరిత్రను రాయదలచిన పరిశోధక విద్యార్థికి తొలి ఆధారం ప్రతి గ్రంథాలయంలోనూ ఉండే చేర్పుల రిజిస్టరు. పుస్తకం ఎప్పుడు వచ్చింది, ఎంత ధర, కొన్నదా, కానుకా అన్నవి అందులో వరుసగా ఉంటాయి. 1966కు ముందు, తరువాతి పుటలను పక్కపక్కన పెట్టి చూస్తే ఏ పత్రిక ఆగిపోయిందో, దాని స్థానంలో ఏది వచ్చిందో, కొన్న పుస్తకాలు తగ్గి కానుకగా వచ్చినవి పెరిగాయో లేదో లెక్కకట్టవచ్చు. జాబితా కంప్యూటర్లోకి ఎక్కాక ఈ రిజిస్టర్లను ఎవరూ తెరవటం లేదు. గది ఖాళీ చేయవలసి వచ్చినప్పుడు మొదట బయటికి పోయేవి కూడా అవే.